ఒక రాణి, నాలుగు చావులు

క్రీ.శ. 272. యూఫ్రటీస్ ఒడ్డు.

ఒంటె మోకాళ్ళ మీద కూలబడింది. నోట్లో నురగ. దాని వీపు మీంచి ఒక స్త్రీ దిగింది. ఒళ్ళంతా దుమ్ము. పెదాలు పగిలిపోయాయి. ఎదురుగా నది. రేవులో పడవ. నది దాటితే పర్షియా దారి. వెనక రోజుల తరబడి దాటొచ్చిన ఎడారి, ఆ ఎడారి నడుమ రోమన్ సైన్యం చుట్టుముట్టిన ఆమె నగరం, నగరంలో అడుగంటిపోతున్న ధాన్యం గాదెలు, కోట గోడల మీద ఇంకా విల్లు దించని ఆమె మనుషులు. వాళ్ళందరి ఆశా ఇప్పుడు ఆ పడవ మీదే ఉంది. ఇంకో పది అడుగులు వేస్తే చాలు. అప్పుడు వినబడింది, గుర్రాల డెక్కల చప్పుడు.

పడవెక్కబోతున్న ఆమెను రౌతులు పట్టుకున్నారు. ఈజిప్టు నుంచి ఆసియా మైనర్ నడిబొడ్డు దాకా ఏలిన జెనోబియా, మళ్ళీ అదే ఎడారి దారిలో, ఈసారి బందీగా వెనక్కి బయల్దేరింది. ఆమెను ఎవరి ముందు నిలబెట్టబోతున్నారో ఆమెకు తెలుసు.

చక్రవర్తి ఆరేలియన్ ఆమెను చూశాడు. సంబరపడ్డాడు. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. ఈ ఘట్టాన్ని రాసిన చరిత్రకారుడు జోసిమస్ ఇక్కడ ఒక మాట చెప్తాడు. ఎదుట నిలబడ్డ బందీని చూస్తూ చక్రవర్తి దిగులుపడ్డాడట. ఒక ఆడదాన్ని గెలిచానంటే రేపటివాళ్ళు నన్నేమంటారు? యుద్ధం అయిపోయింది. కానీ దాన్ని ఎవరెలా రాస్తారన్న భయం అప్పుడే మొదలైంది.

అసలు ఎవరీమె?

సిరియా ఎడారి నడుమ ఒక ఒయాసిస్సు. ఖర్జూర చెట్లు, నీటి ఊట, రాతి స్తంభాల రాజవీధి. రోమన్లు పాల్మైరా అన్నారు, ఊరివాళ్ళు తద్మోర్ అనుకున్నారు. చైనా పట్టు ఇటే వచ్చేది. మన దేశపు సరుకూ ఇటే వచ్చేది. సింధు తీరం దాకా వెళ్ళొచ్చిన ఓడల ఊసు ఆ ఊరి శాసనాల్లో ఉంది. తూర్పు నుంచి వచ్చే సరుకు మీద నాలుగో వంతు రోమ్ ఖజానాకు సుంకం కట్టాలి. కట్టాక కూడా పాల్మైరా వర్తకుల ఇళ్ళు కళకళలాడేవంటే ఆ వ్యాపారం ఏపాటిదో ఊహించుకోవచ్చు.

260లో పిడుగు పడింది. రోమన్ చక్రవర్తి వలేరియన్‌ను పర్షియా రాజు షాపూర్ ఎడెస్సా దగ్గర ప్రాణాలతో పట్టుకున్నాడు. రోమ్ చరిత్రలో అంతకుముందెన్నడూ లేని అవమానం. తూర్పు సరిహద్దు తలుపుల్లేని ఇల్లయింది. అప్పుడు కత్తి దూసింది రోమన్ సేనాని కాదు, పాల్మైరా ప్రభువు ఒడెనాథస్. పర్షియన్లను తరుముకుంటూ వాళ్ళ రాజధాని టెసిఫాన్ గుమ్మం దాకా వెళ్ళాడు. తిరిగొచ్చి రాజాధిరాజు అనిపించుకున్నాడు. రోమ్‌లో వలేరియన్ కొడుకు గల్లియెనస్ ఆ బిరుదుల్ని చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. 267 ప్రాంతంలో ఒడెనాథస్‌ను, ఆయన పెద్దకొడుకును సొంత మనుషులే పొడిచి చంపారు. జోసిమస్ లెక్కన అప్పుడు ఎమెసాలో ఎవరిదో పుట్టినరోజు వేడుక జరుగుతోంది.

మిగిలింది వబలాతస్. చిన్న పిల్లవాడు. వాడి వెనక తల్లి, ఒడెనాథస్ భార్య జెనోబియా.

అందరూ ఆమె ఏడుస్తుందనుకున్నారు. ఆమె సేనాని జబ్దాస్‌ను పిలిపించింది. 270లో పాల్మైరా సైన్యం ఈజిప్టు సరిహద్దు దాటింది. డెబ్బై వేల మంది అని జోసిమస్ అంటాడు. అది కాస్త ఎక్కువే అనిపించినా దెబ్బ మాత్రం గట్టిగా తగిలింది. రోమ్ నగరం తినే గోధుమల్లో పెద్ద వాటా ఈజిప్టుదే. ఆ గాదె తాళంచెవి ఇప్పుడు ఒక వితంతువు కొంగున ముడిపడింది. అయినా ఆమె రోమ్ మీద తిరగబడ్డానని అనలేదు. ఆంటియోక్ టంకశాలలో నాణేల మీద ఒకవైపు ఆరేలియన్ ముఖం, మరోవైపు తన కొడుకు ముఖం అచ్చు వేయించింది. ఇద్దరం కలిసి ఏలుకుందామని లోహం మీద పంపిన రాయబారం అది. 272లో టంకశాల కొత్త అచ్చు పోసింది. ఆరేలియన్ ముఖం మాయమైంది. కొడుకు అగస్టస్, అంటే చక్రవర్తి అయ్యాడు. అమ్మ అగస్టా అయింది.

రోమ్‌కు జవాబివ్వక తప్పలేదు.

ఆంటియోక్ దగ్గర ఇమ్మే మైదానం. ఎండ నిప్పులు చెరుగుతోంది. పాల్మైరా రౌతులు ఆపాదమస్తకం ఇనుప కవచాల్లో ఉన్నారు. గుర్రాలకూ కవచాలే. ఎదుట రోమన్ రౌతులు తేలిగ్గా ఉన్నారు. బూర మోగింది. రోమన్లు తిరిగి పారిపోయారు. పాల్మైరా రౌతులు గెలుపు కేకలతో తరుముకున్నారు. ఒక మైలు, ఇంకో మైలు, కవచం లోపల చెమట కళ్ళల్లోకి కారుతుంటే, ఇనుము కాలి చర్మాన్ని చురచుర అంటిస్తుంటే, గుర్రాలు రొప్పుతూ తూలుతూ ఇక ఒక్క అడుగూ వేయలేమన్నట్టు తలలు వేలాడేస్తుంటే కూడా తరిమారు. ఆరేలియన్ ఎదురుచూస్తున్నది సరిగ్గా ఆ క్షణం కోసమే. పారిపోతున్నవాళ్ళు గిరుక్కున వెనక్కి తిరిగారు.

ఓడిన సైన్యంతో జబ్దాస్ ఆంటియోక్ చేరాలి. ఓడామని తెలిస్తే ఆ ఊరివాళ్ళే తలుపులు మూసేస్తారు. జబ్దాస్ బుర్ర పాదరసం. గడ్డం నెరుస్తున్న ఒక మనిషిని వెతికి పట్టుకున్నాడు. పోలికలు ఆరేలియన్‌వే. యుద్ధంలో చక్రవర్తి వేసుకునే దుస్తుల్లాంటివి వాడికి తొడిగించాడు. రోమ్ చక్రవర్తి మా చేతికి చిక్కాడంటూ నడివీధిలో ఊరేగించాడు! జనం నమ్మారు. ఆ రాత్రి ఊరు ఆదమరిచి ఉండగా రాణీ, సేనానీ, మిగిలిన సైన్యం ఎమెసా దారి పట్టారు.

ఎమెసాలో ఇంకో యుద్ధం. ఈసారి రోమన్ల వైపు పాలస్తీనా నుంచి వచ్చిన పటాలం ఒకటుంది. వాళ్ళ చేతుల్లో దుడ్డుకర్రలు. కత్తికి లొంగని ఇనుప కవచం దుడ్డుకర్ర దెబ్బకు సొట్టపడింది. లోపల ఎముకలు విరిగాయి. జెనోబియా ఎడారిలోకి వెనుదిరిగింది. ఇక మిగిలింది పాల్మైరా ఒక్కటే.

ముట్టడి. గోడ మీంచి ఒకడు చక్రవర్తిని నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. రోజూ అదే వరస. ఆరేలియన్ పక్కన ఒక పర్షియా విలుకాడు నిలబడి ఉన్నాడు. తమరు సెలవిస్తే వాడి నోరు మూయిస్తానన్నాడు. చక్రవర్తి తలూపాడు. కొందరు సైనికులు అడ్డుగా నిలిచి విలుకాణ్ణి దాచారు. గోడ మీది మనిషి ముందుకు వంగి, ఇంకో బూతు అందుకున్నాడు. బాణం దూసుకుపోయింది. వాడు తలకిందులుగా సైనికుల ముందు పడ్డాడు. ఆ పూట గోడ మీద ఎవరూ నోరెత్తలేదు.

తిండి అయిపోవస్తోంది. పర్షియా సాయం తెచ్చుకోవడం తప్ప దారి లేదు. రాణి ఒంటెల్లో కెల్లా వేగంగా పరుగెత్తే ఆడ ఒంటెను ఎక్కింది. ఆ తర్వాత నది, పడవ, డెక్కల చప్పుడు.

ఎమెసాలో విచారణ జరిగింది. అక్కడ జెనోబియా ఏం మాట్లాడింది? ఇక్కడే కథ రెండుగా చీలుతుంది. జోసిమస్ రాసిన జెనోబియా బెదిరిపోయింది. తప్పు నాది కాదు, ఆడదాన్ని, నాకేం తెలుసు, వీళ్ళే చెడగొట్టారని సలహాదారుల పేర్లు చెప్పింది. వాళ్ళల్లో లాంజైనస్ ఉన్నాడు. ఏథెన్సులో పాఠాలు చెప్పిన మహా పండితుడు, పోర్ఫిరీ లాంటి తత్వవేత్తకు గురువు. వృద్ధాప్యంలో రాణి కొలువుకు వచ్చాడు. ఆమె మాట మీద ఆయనకు మరణశిక్ష పడింది. ఆయన వణకలేదు. తన కోసం ఏడుస్తున్నవాళ్ళనే ఓదార్చి కత్తికి మెడ ఒగ్గాడు. పండితుడు వీరుడయ్యాడు, రాణి పిరికిదయ్యింది.

ఒక లాటిన్ గ్రంథంలో జెనోబియా వేరే మనిషి. రోమన్ చక్రవర్తుల్ని ధిక్కరించే ధైర్యం నీకెక్కడిదని ఆరేలియన్ గద్దిస్తాడు. ఆమె తల దించుకోదు. గెలిచావు కాబట్టి నిన్ను చక్రవర్తివని ఒప్పుకుంటాను, గల్లియెనస్ లాంటివాళ్ళను ఏనాడూ అలా అనుకోలేదని ముఖం మీదే చెప్తుంది. అంతకుముందు ముట్టడిలో లొంగిపొమ్మని చక్రవర్తి ఉత్తరం రాస్తే, క్లియోపాత్రా రాణిగానే చచ్చింది తెలుసా అని తిరుగు టపాలో దులిపేస్తుంది. చదువుతుంటే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. కానీ ఎవరు రాశారీ పుస్తకం?

ఇప్పుడు వేరే గదిలోకి వెళ్ళాలి. జెనోబియా పట్టుబడి నూరేళ్ళు దాటిపోయింది. నూనె దీపం. పాపిరస్ చుట్టలు. ఒక మనిషి వంగి రాస్తున్నాడు. తన పేరు ట్రెబెల్లియస్ పోలియో అని చెప్పుకుంటున్నాడు. ఇంకో చోట తనే ఫ్లేవియస్ వోపిస్కస్ అంటాడు. మొత్తం ఆరుగురు రచయితల వేషాలు. పుస్తకం పేరు హిస్టోరియా అగస్టా. రోమ్ చక్రవర్తుల జీవిత చరిత్రల సంపుటం. ఈ వేషం బయటపెట్టడానికి 1889 దాకా ఆగాల్సి వచ్చింది. హెర్మన్ డెసావ్ అనే జర్మన్ పండితుడు, ఆరుగురూ ఒక్కడేనని, ఆ ఒక్కడూ నాలుగో శతాబ్దం చివరివాడని వాదించాడు. పుస్తకంలోని ఉత్తరాల్లో చాలా మటుకు ఆ పెద్దమనిషి కల్పించినవే. క్లియోపాత్రాను తలచుకున్న ఆ వీర లేఖ కూడా.

దీపం వెలుగులో ఆ కలం ఆమె రూపం గీసింది. చామనచాయ. నల్లటి కళ్ళు. పళ్ళా, ముత్యాలా అన్నంత తెలుపు. గొంతు మాత్రం మగగొంతు. గుర్రమెక్కుతుంది, వేటాడుతుంది, కాల్బలంతో పాటు మైళ్ళ కొద్దీ నడుస్తుంది, శిరస్త్రాణం పెట్టుకుని ఒక చెయ్యి బయటకు కనబడేలా సైన్యం ముందుకొస్తుంది, మామూలుగా మద్యం జోలికి పోకపోయినా సేనానులతో కూర్చుంటే పాత్రకు పాత్ర తాగుతుంది, పర్షియన్లనూ ఆర్మీనియన్లనూ తాగి ఓడిస్తుంది. కలం అక్కడ ఆగలేదు. పడకగదిలోకి దూరింది. బిడ్డ కోసం తప్ప మొగుణ్ణి దగ్గరికే రానిచ్చేది కాదట! ఇతగాడికి ఎవరు చెప్పినట్టో. అదే కలం ఇంకో పేజీలో సవతి కొడుకును ఓర్వలేక మొగుడి హత్యలో ఆమెకూ చెయ్యి ఉందని జనం అనుకునేవారని గుసగుస వదిలింది. ఒక పేజీలో పరమ పతివ్రత, ఇంకో పేజీలో పతిహంతకి.

ఇంత పొగడ్త ఎవరి కోసం? ఆమె కోసం కాదు. ఈ రచయితకు గల్లియెనస్ అంటే ఒళ్ళుమంట. ఆ చేతకానివాడి కాలంలో ఆడవాళ్ళు కూడా వాడికన్నా బాగా ఏలారని వాణ్ణి ఎత్తిపొడవడానికే ఆమెను తీసుకొచ్చానని తనే ఒప్పుకున్నాడు. పుస్తకంలో ఆ భాగానికి ముప్పై మంది దొంగ చక్రవర్తులని పేరు పెట్టాడు. లెక్కకు జెనోబియానూ, గాల్ దేశపు విక్టోరియానూ కలిపాడు. పుస్తకం బయటికొచ్చింది. ఎక్కడో నవ్వు వినబడింది.

రోమ్‌లో శాంతి దేవాలయం. దాని పక్కన గ్రంథాలయం, పుస్తకాల పురుగులు చేరి కబుర్లాడుకునే చోటు. అక్కడివాళ్ళు తనను ఎగతాళి చేశారంటాడు రచయిత. ముప్పై మంది మగాళ్ళని చెప్పి ఆడవాళ్ళతో లెక్క పూరించావేమయ్యా! పరువు పోయింది. ఆయన హడావిడిగా ఇంకో ఇద్దరు మగవాళ్ళను వెతికి చివర అతికించాడు. వాళ్ళలో ఒకడు ఆ ముప్పై మంది కాలంవాడు కూడా కాదు, అంతకుముందువాడు. అయినా పర్లేదు, మగవాడైతే చాలు. ఈజిప్టును గెలిచిన మనిషిని అలా పట్టికలోంచి పక్కకు జరిపారు. ఆ నవ్వూ ఆయన కల్పనే కావచ్చు. కానీ ఏ నవ్వుకు భయపడాలో ఆయనకు బాగా తెలుసు.

యూఫ్రటీస్ నుంచి తెచ్చిన బందీని చూసి ఆరేలియన్ పడ్డ భయమూ అదే. అందుకే ఈ పుస్తకంలో చక్రవర్తి సెనేట్‌కు ఉత్తరం రాసి, ఆమె ఎలాంటి ఆడదో తెలిస్తే మీరు నన్ను వెక్కిరించరని సంజాయిషీ ఇచ్చుకుంటాడు. జెనోబియా గొంతు ఎంత మగగొంతు అయితే ఆరేలియన్ గెలుపుకు అంత విలువ. ఆమె తాగిన ప్రతి పాత్రా ఆయన ఖాతాలోనే జమ.

మరి ఆమె చివరికి ఏమైంది?

274. రోమ్ వీధులు కిటకిటలాడుతున్నాయి. విజయయాత్ర. హిస్టోరియా అగస్టాలో జెనోబియా ఒంటినిండా రత్నాలతో నడిచొస్తోంది. చేతులకు బంగారు సంకెళ్ళు. కాళ్ళకు బంగారు సంకెళ్ళు. మెడలో బంగారు గొలుసు, దాన్ని ఒక పర్షియా విదూషకుడు పట్టుకుని నడుస్తున్నాడు. నగల బరువుకు ఆమె మాటిమాటికీ ఆగిపోతోంది. యాత్ర ముగిసింది. చక్రవర్తి క్షమించాడు. టిబుర్‌లో ఒక తోట ఇచ్చాడు. ఎడారిని ఏలిన రాణి రోమన్ ఇల్లాలిగా, పిల్లలను చూసుకుంటూ ముసలిదై పోయింది. ఇది మొదటి చావు. అన్నిటిలోకీ పెద్దమనిషి తరహా చావు. ఇది పూర్తిగా కట్టుకథ అనలేం. నాలుగో శతాబ్దంలోనే యూట్రోపియస్ ఆమె వంశస్థులు రోమ్‌లో ఉన్నారని రాశాడు.

జోసిమస్ దగ్గరికొస్తే ఆమె రోమ్ చూడనే లేదు. దారిలోనే జబ్బుచేసి పోయిందంటాడు, కాదంటే అన్నం ముట్టక ప్రాణం విడిచిందంటాడు. ఆమె కొడుకు తప్ప మిగతా బందీలు బైజాంటియం దగ్గర సముద్రంలో మునిగిపోయారు. ఇది రెండోది.

ఆరో శతాబ్దపు ఆంటియోక్‌లో కూర్చుని రాసిన మలాలస్‌కు ఈ మర్యాదలు నచ్చలేదు. ఆయన కథలో జెనోబియాను ఒంటె మీద తూర్పు పట్టణాలన్నీ తిప్పారు. ఆంటియోక్‌లో ఎత్తైన అరుగు కట్టి సంకెళ్ళతో మూడు రోజులు కూర్చోబెట్టారు. రోమ్‌లో ఊరేగించాక తల నరికేశారు.

నాలుగో చావు బాగ్దాద్‌లో పుట్టింది. 923లో చనిపోయిన చరిత్రకారుడు తబరీ అరబ్బుల నోట తిరిగిన కథను రాసిపెట్టాడు. అందులో ఆమె పేరు అల్ జబ్బా. రోమ్ ఊసే లేదు. తండ్రిని చంపిన జధీమా అనే రాజును పెళ్ళి పేరుతో పిలిపించి, నరాలు కోయించి, నెత్తురు బంగారు పళ్ళెంలో పట్టించింది. పగ తీర్చుకోవాలని జధీమా మనిషి కసీర్ తన ముక్కు తానే కోసుకున్నాడు. సొంతవాళ్ళే కోశారని ఏడుస్తూ ఆమె కొలువులో చేరాడు. నమ్మకం కుదిరింది. ఒకనాడు ఒంటెల బిడారు కోటలోకొచ్చింది. ఒంటెలు బరువుకు వంగి నడుస్తున్నాయి. మూటల్లో సరుకు లేదు, సాయుధులైన మనుషులున్నారు. రాణి సొరంగంలోకి పరుగెత్తింది. సొరంగం చివర జధీమా మేనల్లుడు అమ్ర్ కత్తితో కాచుకుని ఉన్నాడు. ఆమె ఆగింది. వేలి ఉంగరం నోటికి ఆనించుకుంది. అందులో విషం ఉంది. వాడి చేతిలో చావడం కన్నా తన చేతిలో తాను చావడం మేలనుకుంది. ఈ కథలో ఆమె చివరి నిర్ణయం ఆమెదే.

ఇందులో ఏది నిజం? రోమ్ దాకా వెళ్ళి అక్కడే బతికిందన్న మాటకే చరిత్రకారుల మొగ్గు ఎక్కువ. అంతకుమించి తేల్చే ఆధారం లేదు. ఒకటి మాత్రం గమనించాలి. ఈ నలుగురిలో ఎవరూ ఆమెను చూడలేదు. అందరికన్నా దగ్గరివాడు నూరేళ్ళకు పైగా దూరం. అందరికన్నా దూరంవాడు ఆరున్నర శతాబ్దాలు.

ఆమె బతికుండగా ఆమె గురించి రాసినవాళ్ళు వేరే ఉన్నారు. 271 ఆగస్టు. పాల్మైరా రాజవీధి. ఇద్దరు సేనానులు, జబ్దాస్, జబ్బయ్, ఆమె విగ్రహం నిలబెట్టి కింద శాసనం చెక్కించారు. గ్రీకులో ఒకటి, ఊరి భాష అరమాయిక్‌లో ఒకటి. ఊరి భాషలో ఆమె పేరు సెప్టిమియా బత్ జబ్బాయ్. మరుసటి ఏడాదికి నగరం లొంగిపోయింది. 273లో మళ్ళీ తిరగబడితే ఆరేలియన్ వెనక్కొచ్చి కొల్లగొట్టాడు. విగ్రహం పోయింది. శాసనం మిగిలింది. అందులో క్లియోపాత్రా లేదు, ముత్యాల పళ్ళు లేవు, మగగొంతు లేదు, పడకగది లేదు. ఆమె కీర్తిమంతురాలు, ధర్మపరురాలు అయిన రాణి అని, తమ ఏలిక అని ఆ ఇద్దరు సేనానులు రాయించారు. ఆమె కింద కత్తి పట్టినవాళ్ళ సాక్ష్యం అది.